ఎడమ పక్క కుట్టు

మధ్యాహ్నం రెండు దాటినా టైలరక్క ఇంకా నోట్లో మెతుకు పెట్టలేదు. రేపే యూనివర్సిటీలో పట్టాలిచ్చే రోజు. ఆడపిల్లల హాస్టల్ మెట్ల కింద గదిలో తెల్ల చొక్కాలు కుప్పపడి ఉన్నాయి. ఒకదానికి గుండీలు లేవు, ఇంకోదానికి కాలరే లేదు. పిల్లలేమో నిమిషానికొకరు వచ్చి ప్రాణం తోడేస్తున్నారు.

"అక్కా, నాదయిందా?"

"అవకపోతే నా చర్మం ఒలిచి కుట్టిస్తాలే, పో!"

అప్పుడొచ్చింది పొడుగమ్మాయి. హాస్టలంతా ఆమెను అలాగే పిలుస్తుంది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి భుజం కదిపి చూసుకుంది.

"ఎడమ పక్క పట్టేస్తోందక్కా. కుట్టు విప్పి కాస్త వదులు చెయ్యవా?"

టైలరక్క చేతిలో కత్తెర ఆగిపోయింది.

మూడేళ్ల కిందట ఇదే అద్దం ముందు ఇదే మాట ఆమె సొంత చెల్లెలు అంది. అప్పుడు టైలరక్కకు రోషం పొడుచుకొచ్చింది. ఇరవై ఏళ్లుగా చెయ్యి తిరిగిన మనిషి, చెల్లెలి చొక్కా కత్తిరించడంలో తప్పు చేస్తుందా! గొణుక్కుంటూనే ఎడమ పక్క అరంగుళం వదిలింది. రెండు నెలలకు మళ్లీ వదిలింది. ఆ తర్వాత ఇంకోసారి. ఎందుకమ్మా అని ఒక్కసారన్నా అడిగిందా? లేదు. చెల్లెలూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఒంటి మీది ఆ చోటు పేరు నోటితో అన్న ఆడది లేదు. చివరికి డాక్టరమ్మ, "ఏడాది ముందే రావాల్సింది" అంది. చెల్లెలు దక్కలేదు. ఆ ఏడాదంతా కూర్చుని కుట్లు విప్పింది ఎవరు? ఇప్పటికీ మిషను తొక్కుతుంటే "ఇంకొంచెం వదులక్కా" అని వీపు వెనక చెల్లెలి గొంతు వినిపిస్తుంది. ఎవరూ ఉండరని తెలిసీ ప్రతిసారీ తిరిగి చూస్తుంది.

ఇప్పుడూ తిరిగి చూసింది. లేచి తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పు. చేతికేమన్నా తగులుతోందా?"

పొడుగమ్మాయి తల దించుకుంది. "పోయిన నెల నర్సమ్మ వచ్చి చెప్పింది కదక్కా, నెలసరి అయిన నాలుగైదు రోజులకి మూడు వేళ్లతో తడిమి చూసుకోమని. చూసుకున్నా. గోళీ అంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేకపోతే ఏం కాదుగా?"

"నొప్పి లేదనే మా చెల్లీ ఊరుకుంది. నెల నుంచీ ఏం చేస్తున్నావే?"

"బయటికెళ్లాలంటే గేటు దగ్గర పుస్తకంలో కారణం రాయాలిగా. రాసింది వాచ్‌మన్ తాత అందరి ముందూ పైకి చదువుతాడు. ఏమని రాయను? నర్సమ్మ అతికించిన బొమ్మల కాగితాన్నే వార్డెనమ్మ ఛీఛీ అంటూ చింపించింది." కళ్లు తుడుచుకుంది. "రేపటి పని అయిపోనీ. ముందు ఇది వదులు చెయ్యక్కా."

"చెయ్యను."

ఇరవై ఏళ్లలో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. పొడుగమ్మాయి బిత్తరపోయింది.

"గడ్డలన్నీ క్యాన్సర్ కాదంట, చాలావాటితో ఏ భయమూ లేదంట. చూపిస్తేగానీ తెలీదు. ఇప్పుడే పద, నేనొస్తా."

"మరి ఈ చొక్కాలు?"

"తగలడనీ."

గేటు దగ్గర అయిదారుగురు పిల్లలు వరసలో ఉన్నారు. హాస్టల్ జబ్బులన్నీ ఆ పుస్తకంలో రెండే: కడుపునొప్పి, పంటినొప్పి. తన వంతు రాగానే పొడుగమ్మాయి కలం తీసుకుని 'కడుపు' అని రాసి ఆగింది. టైలరక్కకు ఆ కలం లాక్కోవాలనిపించింది. పళ్ల బిగువున ఊరుకుంది. పిల్ల ఆ ముక్క కొట్టేసి, పక్కనే రెండు మాటలు రాసింది.

వాచ్‌మన్ కళ్లజోడు సర్దుకుని అలవాటుగా అందుకున్నాడు. "రొమ్ములో..." ముసలాయన గొంతు పడిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"గడ్డ," అంది పొడుగమ్మాయి. "రొమ్ములో గడ్డ. పూర్తిగా చదువు తాతా, అందరికీ వినపడనీ."

నవ్వు ఆగిపోయింది. వాచ్‌మన్ గేటు తీశాడు. టైలరక్క పిల్ల చెయ్యి పట్టుకుని రెండడుగులు వేసి, ఎప్పటిలాగే తిరిగి చూసింది.

వరసలో తర్వాతి పిల్ల, మొదటి ఏడాది చదివే పిల్ల, పుస్తకం మీదికి వంగి ఉంది. చాలాసేపు కలం ఆడించి, కారణం అన్న చోట 'నాకూ అదే' అని రాసింది.