ఆడపడుచు వంతు తలకాయ

మా ఇంట గొర్రె తెగితే తలకాయ ఆడపడుచుకే పోవాలి. ఆ మర్యాదే నా పరువు తీసింది.

మా గొర్రె ఒకటి కొన్నాళ్లుగా తల వణికిస్తూ, గోడకు ఒళ్లు రుద్దుకుంటూ, కాళ్లు తడబడి పడిపోయేది. చచ్చేలోపే నా మొగుడు మునేష్ కోసేశాడు. నాకు అనుమానం. మాంసం పొయ్యెక్కనివ్వకుండా గోతిలో పూడ్పించాను.

"అక్క వంతు ఎట్ల పూడ్చేది? కోసినట్టు తెలిస్తే ఊరుకుంటాదా?" అంటూ తలకాయను ఆండర్సన్‌పేటకు, వాళ్లక్క ఉమాదేవికి పంపేశాడు. నేను నోరు మూసుకున్నాను. ఆడపడుచు వంతు కోడలు ఆపిందన్న మాట నాకెందుకు? ఛీ, ఏం బుద్ధి నాది!

మర్నాడు పశువుల డాక్టరమ్మ షర్మిల ఐసుపెట్టెతో లక్కూరు వచ్చింది.

"వణికే గొర్రెను మీరు కోసినారని ఊళ్లో చెప్పినారు. తలకాయ యాడమ్మా?"

"దాంతో ఏం పని?"

"మెదడును తినేసే జబ్బొకటి ఉండాది. అది మన దగ్గర లేదని సర్కారు చెప్పాలన్నా, ఇట్లాంటి తలకాయల్ని పరీక్ష చేసే చెప్పాల."

"మనుషులకొస్తాదా?"

"గొర్రెల నుంచి వచ్చినట్టు యాడా తేలలేదు. కానీ దీనిది ఏ జబ్బో చూడకుండా నేనేం చెప్పను? ఎవురైనా తిన్నారా?"

"మేం ముట్టలేదు" అన్నాను గొప్పగా.

"ఎందుకు ముట్టలేదు?"

అనుమానమొచ్చి మాంసం పూడ్చామనీ, తలకాయ మాత్రం వదినకు పంపామనీ చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను.

వదిన ఫోను ఎత్తలేదు. డాక్టరమ్మ జీపులో ముగ్గురం బయల్దేరాం; దారంతా మునేష్‌ను తిట్టాను. నన్ను నేను తిట్టుకోలేక వాణ్ణి తిట్టాను. వండేసి ఉంటే? తినేసి ఉంటే?

ఉమాదేవి నవ్వుతూ తలుపు తీసింది. "రా సౌభాగ్యా! తలకాయ ఫ్రిజ్జులోనే ఉండాది. మీరొస్తే కలిసి తిందామని ఆపినా. ఒక్కదాన్నే ఎట్ల తినేది?"

నా ప్రాణం లేచి వచ్చింది. డాక్టరమ్మ చేతులకు తొడుగులేసుకుని, విషయం చెప్పి, తలకాయను పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయింది.

వదిన తమ్ముడి వైపు చూసింది. "జబ్బుదని తెలిసే పంపినావా రా?"

వాడు తల దించుకున్నాడు.

"ఇంగ మీరు తిన్నారా, సౌభాగ్యా?"

"లేదు వదినా."

ఆమె కేకలేస్తే బాగుండేది. తిట్టి గెంటేసినా బాగుండేది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టింది.

"కాళ్లు కడుక్కోండి. మా ఇంట్లో నేను తినేదే మీకూ పెడతాను."