ఎడమచేతి టేపు

మేడ్చల్ రోడ్డు మీద సత్తయ్య షెడ్డుకు బోర్డు లేదు. అవసరమూ పడలేదు. మిలటరీ వేలంలో పాత జీపు కొన్నవాళ్లు వైరింగు పనికి ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. కొడుకు ఫిన్నీ జీడిమెట్లలో మందుల కంపెనీకి పోతుంటే, ముప్ఫయ్యేళ్ల పనిని సత్తయ్య కోడలు షైనికి నేర్పుతున్నాడు. పదో తరగతి నడుమ మానేసిన పిల్లే గానీ, వైర్ల రంగులు ఒక్కసారి చూస్తే మరవదు. ఎడమచేతి వాటం కాబట్టి ఆమె చుట్టిన టేపు అందరిదానికీ ఎదురు తిరిగి ఉంటుంది.

"నీ టేపు గుడ్డోడు తడిమినా నీదేనంటడు బిడ్డా," అని ముసలాయన నవ్వేవాడు.

శామీర్‌పేట వెంకటనర్సయ్య పటేలు జీపు తెచ్చింది ఆ రోజుల్లోనే. ప్లాట్ల వెంచర్ ప్రారంభానికి జీపు పైన పెద్ద లైటు కావాలి, రిమోట్ నొక్కితే చుట్టూ తిరగాలి. జీపుదేమో రెండు బ్యాటరీలు, ఇరవై నాలుగు వోల్టులు. లైటుది పన్నెండే.

"ఒక్క బ్యాటరీ నుంచి తీసినా ఎలుగుతది. గని అది ఎండుతది, రెండోది ఉడుకుతది. నడుమ ఇరవై నాలుగును పన్నెండు చేసే కన్వర్టర్ డబ్బా ఉండాలె," అని చెప్పి, చూపు మసకబారిన సత్తయ్య ఆ పని షైనికి అప్పజెప్పాడు.

సికింద్రాబాద్ నుంచి డబ్బా ఇంకా రాలేదు. ఈలోగా వెంకటనర్సయ్య వచ్చి నిలబడ్డాడు. "జర తిప్పి సూపియ్యరాదమ్మా!" షైని వైరును ఒక్క బ్యాటరీకే తగిలించి, టేపు చుట్టి, రిమోట్ ఆయన చేతికిచ్చింది. ఎవరో పిలిచినట్టు లైటు మెడ తిప్పింది. "మస్తుగుంది!" అని పటేలు చిన్నపిల్లాడిలా పదిసార్లు నొక్కాడు.

మర్నాడు డబ్బా వచ్చింది. షైని దాన్ని బోల్టులతో బిగించింది. వైరు మార్చబోతుండగా షెడ్డు మూల ఉయ్యాలలో ఆమె పసిబిడ్డ మూలిగింది. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా ఉంది. పోయిన నెల ఇలాంటి జ్వరంలోనే బిడ్డకు ఫిట్స్ వచ్చాయి. షైని చేతిలో పని అక్కడే వదిలి ఆసుపత్రికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పటేలు డ్రైవరు జీపు తాళం కోసం నిలబడి ఉన్నాడు.

"డబ్బా కట్టినవా బిడ్డా?" అని సత్తయ్య అడిగాడు.

"కట్టిన మామా."

కట్టిన మాట నిజమే. సాయంత్రం బిడ్డకు మందు పోస్తుంటే వైరు మార్చలేదని గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే ఏమంటారో, రేపు చేద్దాం అనుకుంది. అలా నాలుగు రేపులు గడిచాయి.

అయిదో రోజు బంతిపూలు చుట్టిన జీపును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు.

"ఏం జేసినవయ్యా సత్తయ్యా? వెంచర్ కాడ బండి కదలకపాయె, వచ్చినోళ్లంత నవ్విండ్రు. కండ్లు కనవడకుంటే ఇంట్ల కూసోవాలె గని, మా బండ్ల మీద పడ్తవేంది?" అని పటేలు అరిచాడు.

సత్తయ్య వంగి బ్యాటరీల దగ్గర తడిమాడు. వేళ్లు ఎదురు తిరిగిన టేపు మీద ఆగాయి. ఆయన ఆ టేపును ఒకసారి నిమిరి, ఊడదీసి, పిడికిట్లో నలిపాడు.

"తప్పు నాదే పటేలా. కండ్లు కనవడ్తలేవు."

చంకలో బిడ్డతో షైని అక్కడే నిలబడింది.

ఆ రోజే సత్తయ్య కరెంటు చూసే టెస్టరును మేకుకు తగిలించి, షెడ్డు బయట స్టూలు వేసుకున్నాడు. ఒకనాడు షైని అడిగేసింది: "గట్లెందుకన్నవ్ మామా?"

"ముసలోని కండ్లు పోయినయంటే జాలి పడ్తరు. నీ చెయ్యి తప్పిందంటే మల్ల ఒక్క బండి రాదు."

వానలు వెలిశాక వెంకటనర్సయ్య ఇంకో జీపు తెచ్చాడు. "నువ్వే చెయ్యాలమ్మా. ముసలాయన్ని ముట్టనియ్యకు."

షైని కటింగ్ ప్లయర్ కింద పెట్టింది. నెలల తరబడి గొంతులో తిప్పుకున్న మాట అది. "ఆ దినం తప్పు నాది సారూ. డబ్బా బిగించిన గని వైరు మార్చలే. మా మామది కాదు."

పటేలు పకపకా నవ్వాడు. "మామను ఎంత మంచిగ ఎనకేసుకొస్తున్నవే! గిసుంటి కోడలు దొరకాలె గద సత్తయ్యా?"

"అవు పటేలా," అన్నాడు సత్తయ్య.

"నిజంగనే సారూ, ఒట్టు..."

"సరే సరే, జల్దీ సూడు," అంటూ ఆయన అప్పటికే బానెట్ ఎత్తుతున్నాడు.

షైని మేకు మీది టెస్టరు తీసి మామకు చాచింది. సత్తయ్య చేతులు మోకాళ్ల నడుమ పెట్టుకున్నాడు.

"నువ్వే సూడు బిడ్డా. నాకు కనవడది."