ఒకే వైపు వాలిన ఆకులు

అరవై దగ్గరపడుతున్నా వీధిలో అందరికీ ఆమె చిన్నమ్మే. పెద్దమ్మ, అంటే ఆమె అక్క, పోయి నాలుగు నెలలైంది.

అక్కచెల్లెళ్ళిద్దరిదీ రంగుల పని. బీరువా తలుపులు, గదుల గోడలు, వాయిద్యాల మూతలు, వేటిమీదైనా వందల ఏళ్ళ నాటి నమూనాలు చూసి పూలతీగలు వేసేవారు. అక్కది ఎడమచేతి వాటం. మూతకు నడుమ గీత కొట్టుకుని కుడి సగం చెల్లెలు, ఎడమ సగం అక్క వేసేవారు. చెల్లెలి ఆకులు కుడికి వాలితే, అక్కవి ఎడమకు వాలేవి. అద్దం పెట్టినట్టుండేది.

ఇప్పుడు బల్ల మీదున్నది పియానోకు తాతలాంటి ఒక తీగల పెట్టె మూత. అక్క పోయాక వచ్చిన మొదటి పని. పూలతీగ గీతల వెంట బెజ్జాలు పొడిచిన కాగితం పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు పడ్డాయి. కాగితం తిరగేసి అద్దితే అవతలి సగమూ పడింది. చిన్నమ్మ కుడి సగం పూర్తిచేసి, అలవాటు చొప్పున టీ పెట్టడానికి లేచింది. ఎప్పుడూ ఆమె తిరిగొచ్చేసరికి అక్క కూడా నడిమి గీతకు చేరుకునేది. ఇప్పుడు చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. ఆమె చేతుల్లో రెండు గ్లాసులు.

వారం తర్వాత, ఆ మూత పని ఇచ్చిన వాయిద్యాల మేస్త్రి వచ్చేసరికీ అంతే.

"ఏంటి చిన్నమ్మా, సగం తలకే జడేసి పంపుతావా?"

"మూడుసార్లు వేసి తుడిచాను మేస్త్రిగారూ. నా చెయ్యి అటు తిరగట్లేదు. ఎడంచేత్తో వేస్తే కోడి కెలికినట్టుంది."

మేస్త్రి గొంతు తగ్గించాడు. "గురువారం దాకా చూస్తాను. కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పు. ఇకమీదట పూలు అచ్చేసిన కాగితం తెచ్చి అంటించుకుంటాను."

అది బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. కానీ ఈ పని కూడా పోతే పొద్దున లేవడానికి కారణమే ఉండదు.

ఆ మధ్యాహ్నం ఎడమ సగాన్ని తన చేతికి వచ్చినట్టే వేసింది. ఆకులన్నీ కుడికే వాలాయి. ఈసారి తుడవలేదు.

గురువారం మేస్త్రి మూత చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "పాతవాటిలో ఇలా ఉండదే. అన్నీ ఒకవైపే ఒరిగాయి, గాలి కొట్టినట్టు."

"పాతవాటికి ఇద్దరుండేవాళ్ళేమో."

మేస్త్రి కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"గాలి బానే ఉందిలే. వచ్చే మూతకు నడుమ గీత కొట్టకు. ఈ చివర్నించి ఆ చివరికి ఒకటే తీగ పోనీ."

"సరే."

"టీ పెట్టవా మరి? పనైతే పెట్టేదానివిగా."

పెట్టింది. అతను తాగి, మూతను బండికెక్కించుకుని వెళ్ళిపోయాడు.

చిన్నమ్మ తన స్టూలును బల్ల నడిమికి జరిపింది. పాత చోట నేలమీద నలభై ఏళ్ళ గుంటలు, నాలుగు. కొత్త చోట స్టూలు కాస్త ఊగింది. ఒక కాలి కింద కాగితం మడిచి పెట్టి, మళ్ళీ కూర్చుని చూసుకుంది.