ఎవరి దారం ఎవరిది

నాగవ్వ బట్టసంచిలో రెండు చీరలు, తమ్ముడి పిల్లలకు పేలాల మూట పెట్టింది. కత్తెర కూడా పెట్టి, మళ్ళీ తీసి, అంచు వేలితో తడిమి చూసింది. షోలాపూరులో తమ్ముడింట బీడీ ఆకు కత్తిరించే పని ఉండదు. అయినా ఇన్నేళ్ళు బొటనవేలికి కాయ కాయించిన వస్తువు. లోపలే పెట్టింది.

రైలు మధ్యాహ్నానికి. ఈలోగా కార్ఖానాలో ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే భూదవ్వ పని పోతుంది.

కామారెడ్డి బీడీ కార్ఖానాలో మొన్నమొన్నటిదాకా ఎవరెన్ని చుట్టారన్నదే చూసేవారు. కొత్త మున్షీ లక్ష్మీరాజానికి అది చాలలేదు. ఎవరి బీడీ చివరిదాకా కాలుతుంది, ఎవరిది మధ్యలో ఆరిపోతుంది? అది తెలియాలని ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ఇచ్చాడు. ఎల్లారెడ్డి ఊళ్ళోని దుకాణాల నుంచి వాపసు వచ్చిన బీడీలను రంగుల వారీగా కుప్పలు పోసేవాడు. ఆడవాళ్ళకూ అదే ధ్యాస పట్టుకుంది. తోవలో బీడీ ముక్క కనిపిస్తే చాలు, ఎవరి రంగో అని వంగి చూసేవారు.

నాగవ్వకు ఎర్రదారం వచ్చింది. మొగుడు పోయిన మనిషి, దాన్ని ముడి వేయడానికి చేయి రాలేదు. మున్షీకి చెప్పడానికి నోరూ రాలేదు. పక్కన కూర్చునే భూదవ్వ తన తెల్లదారం ఉండ ఇటు జరిపి, ఎర్రది తీసుకుంది.

అప్పటికే నాగవ్వ కళ్ళు మసకబారాయి. ముడి వదులవుతోందని ఆమెకు తెలియలేదు.

ఆమె వెళ్ళేసరికి మున్షీ ముందు తెల్లదారం కుప్పే పెద్దగా ఉంది.

"నిన్ననే చెప్పిన గద భూదవ్వా. వాపసొచ్చినయన్ని నీవే. ఇగ నీకు ఆకు ఇయ్య."

భూదవ్వ తల వంచుకుంది.

"గవి నావి మున్షీ సాబు," గడపలోంచే అంది నాగవ్వ.

"నీకు ఎర్రది ఇచ్చిన గదవ్వా?"

"మొగడు సచ్చినదాన్ని, ఎర్రదారం ఎట్ల ముడేస్త? ఇద్దరం మార్సుకున్నం."

"మరి నాకు చెప్పొద్దా?"

"మొగోనికి గిసువంటియి చెప్తరా?"

ఒళ్ళో ఆకు, తంబాకు పెట్టుకున్న చాటల వెనక నవ్వులు. "మిగిలిన రంగులు గూడ ఓసారి అడుగు సాబు," అంది శాంతవ్వ. మున్షీ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చాడు. తనూ నవ్వాడు. తర్వాత నాగవ్వ చేత ఒక బీడీ కట్టించి చూశాడు. దారం కొస కోసం ఆమె వేళ్ళు చాటంతా తడిమాయి.

"ఇగనుంచి ఆకు తడుపు అవ్వా. దానికి కండ్లతోని పని లేదు," అన్నాడు మెల్లగా.

"మా తమ్మునికి కబురు పంపిన. టేషన్ల నిలవడ్తడు," అని తన చాటను గోడకు ఆనించింది.

స్టేషన్ తోవలో భూదవ్వ సంచి మోసింది. ఒకచోట బీడీ ముక్క కనిపిస్తే వంగి తీసింది.

"ఏ రంగే?" అడిగింది నాగవ్వ.

"ఎర్రది."

"ఎంత కాలింది?"

"దారం దాకా."

"మంచిగ కడుతున్నవు," అంది నాగవ్వ. రైలెక్కాక కిటికీలోంచి, "తొలకరికి వస్త. నా చాట ఎవలకియ్యకు," అంది.

భూదవ్వ ఎవరికీ ఇవ్వలేదు. పంతొమ్మిది వందల నలభై ఒకటి వైశాఖంలో వెళ్ళిన నాగవ్వ మళ్ళీ రాలేదు. గోడకు ఆనించిన చాటలో సగం మిగిలిన తెల్లదారం ఉండ, కొస వేలాడుతూ.