ముందు రసం, తర్వాత వేడి

డిసెంబరు పదిహేడు, బుధవారం, జొన్నరొట్టె, పుంటికూర, సువర్ణ పంపింది, అని వంటింటి క్యాలెండరు గడిలో రాసుకున్నట్టు పాల్ రాజ్‌కు బాగా గుర్తుంది, భార్య ఎస్తర్ ఉన్నన్నాళ్లూ ఆ గడుల్లో ఏ రోజు ఏం వండిందో ఆమే రాసేది, ఎందుకిదంతా అంటే నిన్న పెట్టిందే ఇయ్యాల పెట్టినవని మీరు అనకుండ, అనేది, ఆమె పోయి రెండేళ్లయింది, గడి ఖాళీగా కనిపిస్తే మనసొప్పక ఇప్పుడు ఆయనే రాస్తున్నాడు, ఆ రొట్టెలు తిన్న పొద్దుటే కదా తను రాసే ప్రోగ్రాంలో బయటి లైబ్రరీని పిలిచే భాగం పూర్తయింది, ఆ పొద్దుటే కదా సువర్ణ పెనిమిటి, సంఘం ఫీల్డ్‌మన్ విజయ్ పాల్ తీపి కొలిచే మీటరు మీద చెరుకు రసం చుక్క వేసి చూపించాడు, రసం తీపి ఇరవై, ఎండ వేడి ఇరవై, ప్రోగ్రాం కూడా దిద్ది చూసి ఇరవై అనే చెప్పింది, ఇద్దరూ నవ్వుకున్నారు, అంత చక్కగా కుదిరినదాంట్లో తప్పెక్కడుంటుంది, కానీ ఉండాలి, ఎక్కడో ఉండి తీరాలి, లేకపోతే విజయ్ పాల్ అబద్ధాలకోరు అవుతాడు, ఆరింటికి సంఘం కార్యదర్శి రాజేశ్వర్ వచ్చి ఆ మాటే రాసి ఉన్న కాగితం మీద సంతకం పెడతాడు, ఇప్పుడు మార్చి మొదలు, గోడ గడియారంలో నాలుగు దాటింది, బోధన్‌లోని చెరుకు రైతుల సంఘం ఆఫీసులో ఫ్యాను కిర్రుమంటోంది, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పాల్ రాజ్ నోట్లో ఇంకా చెరుకు పిప్పి తీపి ఉంది.

ముప్పై ఏళ్లు నిజామాబాద్‌లో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరై ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న మనిషిని ఈ సంఘానికి తీసుకొచ్చింది కూడా విజయ్ పాలే, సార్, ఎవరి చెరుకు ముందు కొయ్యాల్నో తెల్వక రోజూ కొట్లాటలైతున్నయ్, మీరొక ప్రోగ్రాం రాయండ్రి, మీక్కూడ పొద్దువోతది, అన్నాడు, నిజంగానే పొద్దుపోయింది, రసం పద్దెనిమిది దాటితే ముందు వరస, దాటకపోతే వెనక వరస, అని కార్యదర్శి రాజేశ్వర్ తనే తెలుగులో టైపు చేసుకోగలిగేలా ఒక చిన్న భాష తయారుచేశాడు, ఆ నియమం ముందు బైట్‌కోడ్ అనే పొట్టి పొట్టి ఆజ్ఞలుగా మారుతుంది, ఈ అంకె పెట్టు, దాని మీద ఆ అంకె పెట్టు, ఫలానా పని చెయ్యి, ఇంటర్‌ప్రెటర్ వాటిని ఒక్కొక్కటే చదివి చేసుకుంటూ పోతుంది, దానికి చేతకానిది ఒకటే, ఎండ వేడికి మీటరు అంకె కాస్త జరుగుతుంది కనుక దాన్ని దిద్దే లెక్క, అది మీటరుతో పాటు వచ్చిన లైబ్రరీలో, అంటే ముందే రాసిపెట్టిన లెక్కల కట్టలో ఉంది, ఎవరు రాశారో తెలియదు, లోపలికి తొంగి చూడటానికీ వీల్లేదు, పేరు పెట్టి పిలవాలి, రెండు అంకెలు చేతికివ్వాలి, అది ఒక అంకె తిరిగి ఇస్తుంది, అంతే, పొరుగింటి తలుపు తట్టి మజ్జిగ అడిగినట్టు, ఎస్తర్ అలాగే అడిగేది, గిన్నె ముందు చూపించి తర్వాత మాట కలిపేది.

మాట, ఆ మాట తను ఎందుకన్నాడు, నిన్నటి కమిటీలో, ఎడపల్లి భోజన్న, రాజేశ్వర్, మరో నలుగురు కూర్చున్నారు, విజయ్ పాల్ చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు, నాందేడ్ వైపు నుంచి వచ్చిన కోత ముఠా ఈసారి తొందరగా వెళ్లిపోతామన్నదని ఫిబ్రవరి నడుమ నుంచి ఆదివారం కూడా చేలు చూడమని సంఘం ముందే చెప్పింది, మిగతా ఫీల్డ్‌మన్‌లు పొద్దున మంచు ఆరగానే చూసి వచ్చేస్తారు, విజయ్ పాల్ మాత్రం ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాకే మీటరు పట్టుకుని బయల్దేరతాడు, అది ఆయన తాత నాటి నుంచీ ఉన్న పద్ధతి, చేలల్లోకి వెళ్లేసరికి ఒంటిగంట దాటుతుంది, మూడు ఆదివారాలు, ఆరు చేలు, ఆరింటికీ ప్రోగ్రాం సున్నా అని అచ్చేసింది, సున్నా అంటే రసం చుక్కే వెయ్యలేదన్నట్టు, చర్చి నీడల కూసొని బటన్ ఒత్తినవా ఏంది అని భోజన్న ఎత్తిపొడిచాడు, ప్రభువు జెప్పిండా సున్నా అని, అన్నాడు ఇంకొకాయన, ఇద్దరు ముగ్గురు నవ్వారు, విజయ్ పాల్ నవ్వలేదు, నేను పోయిన సార్, ఎండల పోయిన, అన్నాడు, అప్పుడు రాజేశ్వర్ ఇటు తిరిగి సార్ మీరు జెప్పుండ్రి, మిషిన్ తప్పు చేస్తదా అని అడిగాడు, చూసి చెప్తాను అనవచ్చు కదా, రెండే మాటలు, వాటికి బదులు, మిషిన్ దానంతటది సున్నా చెప్పదు అన్నాడు పాల్ రాజ్, పాఠం చెప్పిన గొంతుతో అన్నాడు, విజయ్ పాల్ ఒక్కసారి తన వైపు చూసి, సార్ చెప్పినంక నేనేం చెప్త, అని తల దించుకున్నాడు, ఎస్తర్‌ను ఆసుపత్రిలో ఉంచిన పదకొండు రోజులూ వరండాలో చాప వేసుకుని పడుకున్న మనిషి, లిఫ్టు ఆగిపోయిన రోజు ఆమెను కుర్చీతో సహా మూడంతస్తులు మోసి దింపిన మనిషి, ఆ మనిషి బటన్ ఒత్తి ఊరుకుంటాడని నిన్న రాత్రి తను నిజంగా అనుకున్నాడు, పెళ్లాం పిల్లలు, ఎండ, అలసట, ఎవరికైనా రావచ్చు అని తనలో తనే క్షమించేశాడు కూడా, ఇప్పుడు తలుచుకుంటే ఆ క్షమించడమే ఎక్కువ సిగ్గుగా ఉంది.

మూడింటికి చెరుకు రైతు నాగవ్వ రాకపోతే ఇంకా అలాగే అనుకుంటూ ఉండేవాడు, ఎడపల్లి నుంచి ఆటోలో వచ్చింది, చంకలో మనిషెత్తు చెరుకు గడ, వచ్చీ రాగానే దాన్ని బల్ల మీద పడేసి, సార్, గిది పచ్చిదా, నమిలి సూడుండ్రి, నా చేను ఎనక వరసల ఏసిండ్రట, ముఠా పొయినంక నేను ఎవలతోని కొయ్యాలె, అన్నది, ఆమె గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది, పాల్ రాజ్ కట్టుడు పళ్లతోనే ఒక ముక్క కొరికాడు, తీపి, నాలుక చివర నుంచి చెవుల దాకా తీపి, పచ్చి చెరుకు ఇలా ఉండదు, అప్పుడే నాగవ్వ ఇంకో మాట అన్నది, గా విజయ్ పాల్ అచ్చిండు గదా, ఎండకు మొకమంత ఎర్రగైంది, నేనే గడ ఇరిచి ఇచ్చిన, నా ముంగటనే పిండిండు, మా కోడలు నీళ్లిచ్చింది, మీరేమో రానే రాలేదంటుండ్రట, గిదేం మాట సార్, ఆ మాటకు పాల్ రాజ్ గుండెలో ఏదో కదిలింది, భయమనుకున్నాడు కానీ భయం కాదు, చాలా రోజుల తర్వాత కిటికీ తెరిస్తే వచ్చే గాలి లాంటిది, అవ్వా, కూర్చో, టీ తెప్పిస్తాను, అని ల్యాప్‌టాప్ తెరిచాడు, వద్దు సార్, గొడ్లు ఎదురుసూస్తయ్, మీరు సూసి చెప్పుండ్రి, అని గడను అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

చూశాడు, ఫీల్డ్‌మన్‌ల ఫోన్‌ల నుంచి వచ్చే అసలు అంకెలు ఒక ఫైలులో పడి ఉంటాయి, దాన్ని ఎవరూ తెరవరు, నిన్న అంత ధీమాగా మాట్లాడిన తనూ తెరవలేదు, నాగవ్వ చేను, ఆదివారం, ఒంటిగంటా నలభై, రసం ఇరవై ఒకటి, వేడి ముప్పై నాలుగు, అని ఉంది, మళ్లీ చదివాడు, రసం ఇరవై ఒకటి, విజయ్ పాల్ చుక్క వేశాడు, వెళ్లాడు, పిండాడు, వేశాడు, పాల్ రాజ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మరి సున్నా ఎక్కడిది, అసలు అంకె ఇరవై ఒకటైతే లైబ్రరీ నుంచి సున్నా ఎందుకొచ్చింది, అది ఎవరో రాసింది, అందులో తప్పుందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాడు, పరాయివాడి తప్పయితే ఎంత బాగుండును, కానీ దాని వెంట వచ్చిన కాగితంలో తేటగా రాసి ఉంది, ముందు రసం ఇవ్వాలి, తర్వాత వేడి ఇవ్వాలి, ఉండకూడని అంకె వస్తే సున్నా తిరిగొస్తుంది, ముందు రసం, తర్వాత వేడి, తన నియమంలోనూ అదే వరస, ముందు రసం పెట్టాడు, దాని మీద వేడి పెట్టాడు, పళ్లెం మీద పళ్లెం పెట్టినట్టు, మరి తీసేటప్పుడు, తీసేటప్పుడు చేతికి ముందు ఏది వస్తుంది, పైదే వస్తుంది, వేడి వస్తుంది, దాన్ని తీసుకెళ్లి రసం ఉండాల్సిన చోట పెట్టాడు, అయ్యో, ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన సంగతే, చివర పెట్టింది మొదట వస్తుందని నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు బొమ్మ గీసి చూపించాడు, వర్గమూలం లాంటి ఒకే అంకె ఇస్తే చాలే పనులతో పరీక్షించినప్పుడు తిరగబడటానికి ఏమీ లేదు, ఆ డిసెంబరు పొద్దున రసమూ ఇరవై, వేడీ ఇరవై, ఏది ముందిచ్చినా ఇరవయ్యే, చలికాలం పొద్దుటి చేలన్నింటికీ అంతే, వేడి ఇరవై నుంచి ఇరవై నాలుగు, అది పద్దెనిమిది దాటుతుంది కనుక అందరి చెరుకూ పండినట్టే కనిపించింది, అదృష్టం కొద్దీ నిజంగా పండే ఉంది, ఆరాధన ముగించుకుని మిట్టమధ్యాహ్నం చేలోకి వెళ్లే మనిషి ఒక్కడున్నాడు, ఆ ఒక్కడి వేడి ముప్పై నాలుగు, ముప్పై నాలుగు రసం ఉన్న చెరుకు ఈ భూమి మీద లేదని లైబ్రరీ నిజాయితీగా సున్నా ఇచ్చింది, దానికి తెలిసిన నిజం అది చెప్పింది, విజయ్ పాల్ తనకు తెలిసిన నిజం చెప్పాడు, మధ్యలో ఇద్దరి మాటా తారుమారు చేసింది తను రాసిన రెండు వాక్యాలు, వాటిని అటుదిటు మార్చాడు, నవంబరు నుంచి ఉన్న అంకెలన్నీ మళ్లీ నడిపించాడు, కోసేసిన చేలన్నీ ఉన్న వరసలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా పచ్చిగా కొయ్యలేదు, ఆదివారపు ఆరు చేలు మాత్రం కిందనుంచి పైకి లేచి ముందు వరసలో నిలబడ్డాయి, నాగవ్వ పేరు అన్నిటికన్నా పైన ఉంది, పాల్ రాజ్ కుర్చీలో వెనక్కి వాలి ఎవరూ లేని గదిలో గట్టిగా నవ్వాడు, తప్పు తనదని తేలితే ఇంత హాయిగా ఉంటుందని అరవై మూడేళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఆరింటి దాకా ఆగలేకపోయాడు, రాజేశ్వర్‌కు ఫోన్ చేసి విషయం చెబితే, మీరే గద సార్ నిన్న మిషిన్ తప్పు చెయ్యదన్నరు, అన్నాడు, ఆ గొంతులో ఎకసెక్కం ఉంది, ఉండనీ, మిషిన్ చెయ్యలేదు రాజేశ్వర్, నేను చేశాను, కమిటీలో అందరి ముందూ చెప్తాను, ఆ కాగితం చింపెయ్యి, అన్నాడు పాల్ రాజ్, చింపుడు ఏంది సార్, ఇంక రాయనే లేదు, రాయబుద్ధి కాలే, అన్నాడు రాజేశ్వర్, ఆ మాటకు కళ్లు చెమర్చాయి, రేపటి కోత జాబితా నాగవ్వ పేరుతో మొదలై ముఠా మేస్త్రీ ఫోన్‌కు వెళ్లింది, అటునుంచి మరాఠీలో ఒక్క ముక్క, ఠీక్ ఆహే, సరేనని, అంతే, అంత తేలిగ్గా.

ఇక మిగిలింది విజయ్ పాల్ ఇల్లు, నిజామాబాద్ బస్సు తర్వాతదైనా ఉంటుందిలే అని అటే నడిచాడు, దీపాలు పెట్టేశారు, గడప దగ్గర విజయ్ పాల్ తల్లి లక్ష్మవ్వ జపమాల తిప్పినట్టు చిక్కుడుకాయలు ఒక్కొక్కటే ఈనె తీస్తోంది, లోపల చిన్నపిల్లకు జ్వరం, ఇప్పుడే కన్నంటుకుందని సువర్ణ గుసగుసగా చెప్పింది, అందుకని పాల్ రాజ్ కూడా గుసగుసగానే చెప్పాడు, రసం, వేడి, పళ్లేలు, తారుమారు, అంతా, విజయ్ పాల్ సగమే అర్థమైనట్టు తల ఊపి, గంతేనా సార్, నేను పోయిన్నని మీకు ఎరుకే గద, మిషిన్ సంగతి ఏదో ఉంటది, సారే సూస్కుంటడని ఊకున్న, అన్నాడు, పాల్ రాజ్ ఔనని ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు, లేదు విజయ్, నిన్న నేను నిన్ను నమ్మలేదు, అన్నాడు, లక్ష్మవ్వ చేతుల్లో చిక్కుడుకాయ ఆగింది, గట్లనా, అన్నాడు విజయ్ పాల్, నీళ్ల చెంబు అందిస్తూ, ఇప్పుడైతే నమ్మిండ్రు గద, కాళ్లు కడుక్కోండ్రి సార్, బువ్వ తిని పోదురు, అన్నాడు, చిక్కుడుకాయ కూర కొంచెం ఉప్పెక్కువైంది, రెండోసారి వడ్డించుకుని తిన్నాడు, ఎనిమిది కాకముందే లేచి చెప్పులు వేసుకుంటుంటే విజయ్ పాల్ వీధి మలుపు దాకా వచ్చి, సార్, ఆదివారం నేను గదే టైంకు పోత, ఏమనుకోకుండ్రి, అన్నాడు, వెళ్లు, నీ వేడి ఎంతైనా ఇక ఫరవాలేదు, అన్నాడు పాల్ రాజ్, ఇద్దరూ నవ్వుకున్నారు, బస్టాండు వైపు నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు, తను నమ్మకపోయినా ఆ ఇంట్లో తన కంచం తీసెయ్యలేదు, తప్పే చెయ్యని పెద్దమనిషిగా కాదు, తప్పు చేసి వచ్చి చెప్పిన మామూలు మనిషిగా కూడా ఈ గడపకు తను సారే, ఇన్నాళ్లూ ఒంటరినని అనుకోవడమే పొరపాటు, ఆ ఒక్క సంగతి దగ్గర మనసు కుదురుగా ఆగింది, విజయ్ పాల్ లోపలికి వెళ్లాక లక్ష్మవ్వ చిక్కుడు ఈనెలు చాటలోకి ఎత్తి, లేచి, పిల్ల నిద్ర చెడకుండా తలుపును మెల్లగా దగ్గరికి లాగి, చప్పుడు లేకుండా గొళ్లెం పెట్టింది.