మంచు నేలమీద కూచునేదాకా

నసబ్ బేగిం మూడు వందల మేకల్ని మంచునది ఒడ్డున ఆపేసి అది నాలుగో రోజు. అవతలి గట్టున పచ్చిక మొలిచి కళ్ళకి కనిపిస్తోంది. ఇవతల గడ్డిపోచ లేదు. వెనక్కి తోలుకుపోదామంటే ఊళ్ళో మగాళ్ళు బార్లీ చల్లి దడి కట్టేశారు. మేక లోపలికొస్తే కాళ్ళు విరగ్గొడతారు. మందని కాయడం ఆడవాళ్ళ పని. మంద చస్తే నిందా ఆడవాళ్ళదే. మగాళ్ళకి చలికాలంలో వెన్న మాత్రం కావాలి.

ఆ హిమానీనదం దాటితేనే వేసవి మేత. ఎప్పుడు దాటాలో చెప్పేది నసబ్. అత్త దగ్గర నేర్చుకుని ముప్పై ఏళ్ళుగా చెబుతోంది.

పొద్దున్నే ఆమె తోడికోడలు ఖుష్ బేగిం సున్నపు గుర్తున్న బండ దగ్గర కూచుని, ఎదురు కొండమీది పగులుకేసి ఒంటికన్నుతో చూసింది. నసబ్ మంచు అంచున రాయి పట్టుకుని నిలబడింది.

"ఎడమకి జరుగక్కా... ఇంకా... అబ్బ, అంత కాదు! ఆ, పెట్టు!"

నిన్న అదే వరసన పెట్టిన రాయి మంచుతోపాటు పల్లానికి జరిగిపోయింది. నసబ్ చేత్తో కొలిచింది.

"ఎంత?"

"మూర." మామూలుగా రోజుకి బెత్తెడు దాటదు.

"నిన్నా మూరే, మొన్నా మూరే. ఎండ ముదిరితే నీళ్ళు, నీళ్ళు పెరిగితే జారుడు. ఈ మాత్రం నాకు తెలీదా? దాటితే ఇవాళే దాటాలి. నావి మూడు చచ్చినయ్, చూశావుగా."

నసబ్ చూసింది. అందులో ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని పిండి జావ పట్టింది కూడా. మింగలేదు.

"మంచు కింది నీళ్ళకి ఇంకా దారి లేదే, ఖుషీ. చలికాలమంతా సందులన్నీ పూడుకుపోయాయి. ఇప్పుడు పైనించి దిగిన నీళ్ళు ఎటూ పోలేక ఉబ్బి మంచుని ఎత్తి పట్టుకున్నాయి. అందుకే ఈ పరుగు. ఆ నీళ్ళే దారి కోసుకుంటాయి. సొరంగం పడిందా, ఎన్ని నీళ్ళొచ్చినా బయటికే పోతాయి. మంచు మళ్ళీ నేలమీద కూచుంటుంది."

"ఎప్పుడు కోసుకుంటాయో నీకు ఉత్తరం రాశాయా?"

"కింద మంచు ముగిసే మూతి దగ్గర ఏరు చూడు. ఈ ఎండకి ఎంత రావాలి? సన్నగా, తేటగా కారుతోంది. మిగతా నీళ్ళు ఎక్కడున్నట్టు?"

"నీ కడుపులో!"

మధ్యాహ్నానికి ఖుష్ తన నలభై మేకల్ని విడదీసి మంచు దాటే దారి మొదట్లోకి తోలింది. నసబ్ వెళ్ళి దారికి అడ్డంగా కూచుంది.

"నా మేకలు, నా ఇష్టం. లే!"

"నీవి దిగితే మందంతా దిగుతుంది. ముందు నన్ను తొక్కించి పో."

ఖుష్ ఉమ్మేసి వెనక్కి తిప్పింది. నసబ్ మాత్రం చీకటి పడేదాకా అక్కడే కూచుంది. తను తప్పేమో. అత్త ఎన్నడూ తప్పలేదంటారు. ఆపిన రోజున దాటుంటే ఏమయ్యేదో ఎవరు చూశారు? చచ్చిన మేకలు కళ్ళముందుంటాయి. బతికినవాటికి సాక్ష్యం ఉండదు.

ఆరోరోజు పొద్దెక్కాక మంచు మూతి దగ్గర కొండ విరిగినట్టు మోగింది. బురద నీళ్ళు, ఇళ్ళంత మంచు గడ్డలు, ఏరు నిండా. మంద వెంటున్న ఆడవాళ్ళంతా తోలడానికి కర్రలు అందుకున్నారు. నసబ్ మళ్ళీ ఆపింది. "రేపు కొలిచాకే." ఈసారి తిట్టని నోరు లేదు.

మర్నాడు రాయి బెత్తెడే జరిగింది. అప్పటికి చచ్చినవి పదకొండు. నసబ్ మందని మంచుమీదికి దింపింది.

నడిమధ్యలో నిరుటి దారిని అడ్డంగా కోసేసిన పగులు. అంచులు ఇంకా పదునుగా, కొత్తగా ఉన్నాయి. అడుగున ఎక్కడో నీళ్ళు ఆగకుండా పారుతున్న హోరు. ఖుష్ తొంగి చూసింది.

"చచ్చిన నా నల్లది దీన్ని దూకేసేది," అంది ఖుష్.

"దూకేదే."

"పిల్లల్తల్లి. దాని వెనకే పిల్లలూ..." ఖుష్ పగులు వెంట పైకి నడిచి, అది సన్నబడ్డ చోట కర్రతో గట్టిగా పొడిచి చూసింది.

"ఇటు తోలక్కా! నిలబడి ఏం చూస్తావ్, ఆకలికి చస్తున్నాయి!"