లోపలి గడియ

"టార్చి కూడా తిన్నగా పట్టుకోలేవా? వెలుతురు నా చేతి మీద కాదు, నట్టు మీద పడాలి."

ఆమె టార్చిని అంగుళం జరిపింది. వెలుతురు నట్టు మీద పడింది. ఆమె చూపు మాత్రం అక్కడ లేదు. నట్టుకు జానెడు దూరంలో, నల్లటి బానలా కూర్చుని గుర్రుమంటున్న కంప్రెసర్ మీద ఉంది.

భర్త లేచి నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"కంప్రెసర్ పోయింది సార్. నెలలో రెండుసార్లు గ్యాస్ ఎక్కించాను, రెండుసార్లూ చల్లదనం నిలవలేదు. మార్చడం తప్ప దారి లేదు."

మందుల గోదాము ఇన్‌ఛార్జి మొహం వాడిపోయింది. అతని వెనకున్న శీతల గది తలుపు పైన ఎర్రగా డిగ్రీల అంకె వెలుగుతోంది. రెండుకూ ఎనిమిదికీ మధ్య ఉండాల్సిన అంకె పదకొండు చూపిస్తోంది. లోపలి సరుకంతా అప్పటికే ఐసు పెట్టెల్లోకి మార్చారు. ఇన్సులిన్, పసిపిల్లల టీకాలు. ఐసు సాయంత్రం దాకా ఆగుతుంది. ఆ తర్వాత ఆగదు.

"సాయంత్రానికి గది చల్లబడకపోతే అన్నీ పారబోయడమే," అన్నాడు ఇన్‌ఛార్జి. "వాటితోపాటు నన్ను కూడా."

"మధ్యాహ్నానికి కొత్తది తెప్పిస్తాను. చీకటిపడేలోగా బిగించేస్తాను," అన్నాడు భర్త. డీలర్‌కి ఫోన్ చెయ్యడానికి జేబులో చెయ్యి పెట్టాడు.

ఆ క్షణంలో ఆమె కంప్రెసర్ నుంచి బయటికి వెళ్ళే పైపు మీద వేలు ఆనించింది. చురుక్కుమంది. వెనక్కి లాక్కుంది. చచ్చిన కంప్రెసర్ పైపు ఇంత కాలుతుందా?

మాట నోటి దాకా వచ్చి ఆగింది. ఆగడం దానికి అలవాటే. ఆమే, అతనూ ఒకే శిక్షణా కేంద్రంలో, ఒకే బల్ల మీద ఈ పని నేర్చుకున్నారు. అప్పుడు 'నువ్వు' అంటే 'నువ్వు' అనుకునేవాళ్ళు. పెళ్ళయ్యాక రోడ్డు అతని వైపు వెళ్ళింది, ఫోను ఆమె వైపు వచ్చింది. వంటా, పిల్ల జడా, అత్తగారి మాత్రలూ అయ్యాక చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, అంట్లు తోముతూ, జనం ఫ్రిజ్‌ల రోగాలు కుదిర్చేది. స్విచ్చి వేసే ఉందా? వెనక గోడకు ఆనించారా? తలుపు రబ్బరు ఎక్కడైనా ఊడిందేమో చూడండి. సగం ఫ్రిజ్‌లు ఫోన్లోనే బాగుపడేవి. అదొక పని అని ఎవరికీ తోచలేదు. మరిదైతే ఆమెకు స్విచ్చమ్మ అని పేరు పెట్టాడు. "మా వదిన పోయిన ప్రాణాన్ని చూసినా ముందు స్విచ్చి వేశారా అనే అడుగుతుంది," అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వించేవాడు. వాళ్ళు నవ్వుతూ తాగే కాఫీలు కూడా స్విచ్చమ్మే కలపాలి. ఒకసారి, నేనూ మీతో పనికి వస్తానండీ అని భర్తను అడిగితే అత్తగారు గదిలోంచే జవాబిచ్చింది: "మొగుడూ పెళ్ళాం ఇద్దరూ స్పానర్లు పట్టుకుని బయల్దేరితే గరిటె ఎవరు పట్టుకోవాలమ్మా?" కిందటి నెల హెల్పరు మానేశాడు కాబట్టి, కొత్తవాడు దొరికేదాకా ఈ టార్చి భాగ్యం కలిగింది. దానికి షరతు ఒక్కటే. కస్టమరు ముందు నా మాటకు అడ్డు రాకూడదు, అన్నాడు భర్త.

అతను మోసగాడు కాదు. ఆ సంగతి ఆమె ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతుంది. తొందర మనిషి. పది గడపలు తిరిగినవాడికి పదకొండో గడప దగ్గర ఓపిక అడుగంటుతుంది. అంతే.

కానీ కంప్రెసర్ చావలేదు. కొత్తది బిగించినా ఈ గది చల్లబడదు. ఆ పెట్టెల్లోని ఐసు ఆమె మొహమాటం కోసం కరగకుండా ఆగదు.

"ఫోన్ చెయ్యకండి," అంది. "కంప్రెసర్ బాగానే ఉంది."

భర్త చెయ్యి జేబులోనే ఆగింది.

"ఈవిడెవరు?" అన్నాడు ఇన్‌ఛార్జి.

"మా ఆవిడ. సాయానికి వచ్చింది." భర్త ఆమె వైపు తిరిగాడు. "నువ్వు వ్యాన్‌లో కూర్చో."

"పైపు కాలుతోంది, ముట్టుకుని చూడండి. బయటి కాయిల్ నిండా దుమ్ము. వేడి పోవట్లేదు. కడిగితే చల్లబడుతుంది."

"కడగనివ్వవయ్యా," అన్నాడు ఇన్‌ఛార్జి. మునిగేవాడికి గడ్డిపోచ కూడా దుంగే. "నీళ్ళేగా పోయేది."

ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని నీళ్ళ గొట్టం పట్టింది. నల్లటి బురద కారింది. కాయిల్ కొత్త దువ్వెనలా మెరిసింది. ముగ్గురూ తలుపు పైనున్న అంకె వంక చూస్తూ నిలబడ్డారు. పదకొండు. ఇంకాసేపు చూశారు. పన్నెండు.

ఇన్‌ఛార్జి నవ్వలేక నవ్వాడు. "మేడమ్ గారు మా మిషన్‌కి తలంటు పోశారు. జ్వరం పెరిగింది."

భర్త ఆమె పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "తృప్తిగా ఉందా? నలుగురిలో నా పరువు తీసి, నీ పరువూ తీసుకున్నావు."

ఆమెకు వ్యాన్‌లోకి వెళ్ళి కూర్చుని మొహం దాచుకోవాలనిపించింది. రాత్రికి మరిదికి ఈ కథ చేరుతుంది. నెల తిరిగేలోగా తలంటమ్మ అని కొత్త పేరు వస్తుంది. అయినా ఆమె కాళ్ళు వ్యాన్ వైపు కదల్లేదు. తప్పెక్కడ జరిగింది? తప్పు దుమ్ములో లేదు. అతను మొదట కనిపించినదాన్ని పట్టుకుని వేలాడాడు. తనూ అదే చేసింది. అతన్ని ఓడించాలన్న ఆత్రంలో, మెట్లన్నీ వదిలేసి ఒక్క గెంతు వేసింది. రోగం పేరు ముందే అనుకుని వచ్చిన వైద్యుడు నాలుక కూడా చూడడు అనేవారు శిక్షణలో మాస్టారు. గ్యాస్ కొలిచే గేజీ తగిలించడానికి ముందు కళ్ళు, చెవులు, చెయ్యి. వాటికంటే ముందు, దాన్ని రోజూ వాడేవాళ్ళ నోరు. ఫోన్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనుషుల్ని వందసార్లు అడిగిన ప్రశ్నలు, ఎదురుగా మిషన్ ఉంటే ఒక్కటీ అడగలేదు.

సరే. మొదట్నుంచి.

టార్చి తీసుకుని శీతల గదిలోకి నడిచింది. లోపల ఫ్యాన్లు హోరుమంటున్నాయి గానీ గాలి మొహానికి తగలడం లేదు. స్టూలు ఎక్కి ఫ్యాన్ల వెనక్కి వెలుతురు కొట్టింది. కాయిల్ కనిపించలేదు. దాని స్థానంలో గోడలా తెల్లటి మంచు గడ్డ, ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"మంచు నేనూ చూశాను," అన్నాడు వెనకే వచ్చిన భర్త. "గ్యాస్ తక్కువైతే మంచు పడుతుంది. అది చంటిపిల్లకి కూడా తెలుసు."

"గ్యాస్ తక్కువైతే ఒక మూల పడుతుంది. ఇది మొహమంతా పట్టింది. నువ్వే చెప్పు, ఇంత నీరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నువ్వు అనేసింది. ఇద్దరికీ వినిపించింది. కోపం వచ్చిందో, ఆ పాత బల్ల గుర్తొచ్చిందో గానీ, అతను కాయిల్ వంక రెండోసారి నిజంగా చూశాడు.

"బయటి గాలి తేమ," అన్నాడు చివరికి, గొణిగినట్టు. "కానీ తలుపు మూసే ఉంటుందిగా."

తలుపు. పొద్దుట్నుంచి దాని ముందు ఆరుసార్లు నడిచింది. ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, అంచు చుట్టూ ఉన్న రబ్బరును కింది నుంచి వేలితో తడుముతూ పైకి వచ్చింది. నడుము ఎత్తున వేలు ఆగింది. అక్కడ రబ్బరు లోపలికి నొక్కుకుపోయి ఉంది, రెండు వేళ్ళ వెడల్పున. చిరుగు కాదు. అరుగుదల కాదు. రోజుల తరబడి అదే చోట ఎవరో ఏదో ఇరికించిన గుర్తు.

గోదాములో ఆ గదిలోకి ఎక్కువగా వెళ్ళేది ఒక్క మనిషే. డబ్బాలు సర్దే నడివయసు ప్యాకింగ్ ఆమె. ఇందాకట్నుంచి మూలన నిలబడి ఉంది, పని ఏమీ లేకపోయినా చేతులు నులుముకుంటూ.

"అక్కా, ఒక సాయం చెయ్యి. నేను లోపలికి వెళ్తాను. బయట్నుంచి తలుపు గట్టిగా మూసెయ్."

"ఎందుకమ్మా?" ఆమె మొహంలో రంగు మారింది.

"రబ్బరు ఎలా కూర్చుంటుందో చూడాలి."

తలుపు మూసుకుంది. బయటి చప్పుడంతా కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆమె రబ్బరును చూసుకుని, బయటికి వద్దామని, తలుపు తెరిచే లోపలి గడియను నెట్టింది.

కదల్లేదు.

రెండు చేతులతో నెట్టింది. భుజంతో నెట్టింది. గడియ రాయిలా ఉంది. తట్టింది. ఫ్యాన్ల హోరులో ఆ తట్టడం తనకే వినిపించలేదు. బయట మనుషులున్నారని తెలుసు. అయినా వెన్నులోంచి ఒక చల్లదనం పైకి పాకింది. అది గదిది కాదు.

తలుపు బయట్నుంచి తెరుచుకుంది. ఎదురుగా ప్యాకింగ్ ఆమె, ఏడుపు మొహంతో.

"మిమ్మల్ని కూడా పట్టేసిందా అమ్మా?"

ఆ 'కూడా' అనే మాట ఇద్దరి మధ్యా నిలబడింది. స్విచ్చమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అంతే, కట్ట తెగింది.

"నెల క్రితం ఇరుక్కుపోయానమ్మా. అరిచాను, గుద్దాను. ఎవరికి వినపడుతుంది? డ్రైవర్ డబ్బాల కోసం రాబట్టి బతికాను. సారుతో చెబితే, గట్టిగా నెట్టాలి, అన్నం తినట్లేదా అన్నారు. అప్పట్నుంచి..." కొంగు చాటున నడుముకు దోపుకున్న అట్టముక్క తీసింది. నాలుగు మడతలు, రెండు వేళ్ళ వెడల్పు. "లోపలికి వెళ్ళినప్పుడల్లా ఇది పెడతాను. ఒక్కోసారి తియ్యడం మర్చిపోతాను. మెకానిక్ వస్తున్నాడంటే దాచేస్తాను. నావల్లే పాడైందా అమ్మా? ఉద్యోగం పోతుందా?"

"నీవల్ల కాదు. అది నాకివ్వు."

ఇన్‌ఛార్జి దగ్గరికి నడిచింది. అరచేతిలో అట్టముక్క పెట్టి చూపించింది. "మీ గది రోగం ఇది. తలుపు సందులోంచి తేమ వచ్చి కాయిల్ మీద గడ్డ కట్టింది. గాలి ఆగింది. చల్లదనం ఆగింది."

"ఎవరు పెట్టారది?" అతని గొంతు లేచింది. "ఇప్పుడే చెప్పండి, ఎవరు?"

"మీ లోపలి గడియ."

"గడియకేమైంది? బ్రహ్మాండంగా ఉంది. గట్టిగా నెట్టాలంతే."

"మీరొకసారి నెట్టి చూపించండి సార్."

అతను విసురుగా లోపలికి వెళ్ళాడు. ఆమె తలుపు మూసింది. ఒకసారి తలుపు అదిరింది. ఇంకోసారి. తర్వాత సన్నగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, దబదబ చప్పుడు. భర్త చెయ్యి చాచాడు తెరవడానికి. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"గట్టిగా నెట్టనీ. పాపం, అన్నం తిన్నారుగా."

ప్యాకింగ్ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. భర్త మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ, అతని మీసం కింద ఏదో కదిలింది.

ఆమె తలుపు తీసింది. ఇన్‌ఛార్జి కళ్ళజోడు నిండా ఆవిరి. టై పక్కకు తిరిగింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరు పెట్టారని మళ్ళీ అడగలేదు.

"ముందు గడియ బాగుచెయ్యండి," అన్నాడు.

గడియ విప్పింది భర్తే. అతని చేతిలో పనితనం ఉంది, ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనలేదు. తుప్పు పట్టి విరిగిన స్ప్రింగు తీసి కొత్తది వేశాడు. ఆమె కంప్రెసర్ ఆపి, ఫ్యాన్లు తిప్పి, గోరువెచ్చటి నీళ్ళతో మంచు గోడను కరిగించింది. పెచ్చులు పెచ్చులుగా ఊడి బక్కెట్లలో పడింది. వేడి నీళ్ళ గుడ్డతో రబ్బరును కాపడం పెడితే నొక్కు నెమ్మదిగా పైకి లేచింది. ప్యాకింగ్ ఆమె లోపలికీ బయటికీ మూడుసార్లు తిరిగింది. వేలితో తోస్తే చాలు, గడియ లేస్తోంది.

మిషన్ మళ్ళీ వేశారు. ఫ్యాన్ల గాలి ఈసారి మొహాన్ని కొట్టింది. పన్నెండు. పది. తొమ్మిది.

భర్త పక్కకు వెళ్ళి డీలర్‌కి ఫోన్ చేశాడు. "వద్దన్నా, పంపకు. కంప్రెసర్ బాగానే ఉంది. పొరపాటు నాదే... ఆఁ, ఇంకో మెకానిక్ చూశారు."

ఆ మాట ఆమెకు వినిపించింది. వినిపించినట్టు కనబడలేదు.

"దిగుతోందిగా, పద," అన్నాడతను తిరిగొచ్చి. "పిల్ల బడి వదిలే వేళయింది. అమ్మ ఆకలికి ఆగదు."

ఆమె స్టూలు లాక్కుని, తలుపుకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"నువ్వెళ్ళు. నాలుగు దగ్గర అంకె నిలబడాలి. పెట్టెలు లోపలికి సర్దించాలి. అవి అయ్యాక వస్తాను."

"నేను చూసుకుంటాలే. నువ్వు వెళ్ళి వంట..."

"ఈ పని నేను పట్టాను. నేనే ముగిస్తాను. రేపటి రెండు పనుల్లో పాల డిపోకి కూడా నేనే వెళ్తున్నాను. నువ్వు రెండో చోటికి వెళ్ళు."

"మరి ఇల్లో?"

"అదే చెబుతున్నా. వంట చెయ్యి."

ఆమె గొంతులో కోపం లేదు. బతిమాలడం అసలే లేదు. అతను తాళాలు అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. ఇది వేళాకోళమేమో అని ఆమె మొహంలో వెతికాడు. ఆమె అంకె వంక చూస్తోంది. ఎనిమిది.

"అసలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో కూడా నాకు తెలీదు," అన్నాడు.

"మొదట్నుంచి," అంది ఆమె. "ముందు బియ్యం కడుగు."